సీపీఎల్ చేతికొచ్చాక విదేశంలో తొలి పైలట్ ఉద్యోగం: హైదరాబాదు నుంచి బయల్దేరేవారికి సమగ్ర మార్గదర్శి

కమర్షియల్ పైలట్ లైసెన్సు (సీపీఎల్) వచ్చిందని తెలియగానే చుట్టాలు అభినందిస్తారు. ఆరు నెలలు గడిచాక "ఇంకా ఏ ఎయిర్‌లైన్స్‌లోనూ చేరలేదా?" అని అడగడం మొదలుపెడతారు. వాళ్ల తప్పేమీ లేదు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డరు పెట్టాయని పేపర్లో చదివినవారికి, పైలట్లు దొరక్క కంపెనీలు అల్లాడిపోతున్నాయనే అనిపిస్తుంది. అల్లాడుతున్నది అనుభవమున్న కెప్టెన్ల కోసం. ఆ విమానాలూ ఏళ్ల తరబడి విడతలుగా వచ్చేవే. లాగ్‌బుక్కులో, అంటే ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకంలో, 200 గంటలే ఉన్నవారి వరస మాత్రం పొడవుగానే ఉంది.

ఆ వరసలోంచి బయటపడటానికి విదేశం ఒక దారి. డీజీసీఏ (మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చిన సీపీఎల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు (పరికరాలు మాత్రమే చూసి ఎగిరే అర్హత), మల్టీ ఇంజిన్ రేటింగు ఉండి, టైప్ రేటింగు (ఒక ఫలానా పెద్ద విమానం నడిపే అర్హత) లేకుండా, భారత పాస్‌పోర్టు ఒక్కటే ఉన్న పైలట్‌ను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మొదటే ఒక సంగతి చెప్పాలి. మీ తొలి ఉద్యోగాన్ని తేల్చేది మీ ల్యాండింగుల నాణ్యత కాదు. ఏ దేశం మీకు పనిచేసే అనుమతి ఇస్తుంది, ఏ దేశం మీ లైసెన్సును తన లైసెన్సుగా మార్చి ఇస్తుంది అన్న రెండు ప్రశ్నలే తేలుస్తాయి. ఏ విమానం నడపాలన్నది ఆ తర్వాతి మాట.

మొదటి మెట్టు: కుదరని దేశాలను కొట్టివేయడం

గల్ఫ్‌తో మొదలుపెడదాం. దుబాయ్‌లోనో దోహాలోనో ఒక బంధువు లేని కుటుంబం హైదరాబాదులో అరుదు కాబట్టి ఇంట్లో అందరి చూపూ అటే ఉంటుంది. ఎమిరేట్స్, ఖతార్, ఎతిహాద్ లాంటి సంస్థలు విదేశీ కో-పైలట్లను తీసుకునేది, ఇద్దరు పైలట్లు నడిపే పెద్ద విమానాల మీద తగినంత అనుభవం వచ్చాకే. కంపెనీ ఖర్చుతో చదివించే క్యాడెట్ పథకాలు సాధారణంగా సొంత పౌరుల కోసం. డబ్బు కట్టి చేరేవి శిక్షణ సీట్లే తప్ప ఉద్యోగాలు కావు. గల్ఫ్ మీ రెండో ఉద్యోగమో మూడో ఉద్యోగమో కావచ్చు, మొదటిది కావడం కష్టం.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ సాధారణ మార్గంలో కమర్షియల్ లైసెన్సుకు 250 గంటలు కావాలి. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలాక నిబంధనలు బిగించి, 2013 నుంచి ఎయిర్‌లైన్స్ కో-పైలట్‌కు కూడా 1,500 గంటలు ఉండాలన్నారు, కొన్ని మినహాయింపులతో. ఆ మధ్యనున్న గంటలను అక్కడివారు ఎక్కువగా పాఠాలు చెప్పి సంపాదిస్తారు. గ్రీన్ కార్డు లేనివారికి ఆ పాఠాలు చెప్పే ఉద్యోగమే దొరకదు. శిక్షణ ఇంకా మొదలుపెట్టని తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే వారికి మాత్రం ఒక సూచన: ఎఫ్-1 విద్యార్థి వీసా ఇచ్చే సంస్థలో చదివితే ఓపీటీ (చదివినదానికి సంబంధించిన పని చేయనిచ్చే తాత్కాలిక అనుమతి) కింద 12 నెలల దాకా పని చేసే వీలుంటుంది, వృత్తి శిక్షణకిచ్చే ఎం-1 వీసాలో అది గరిష్ఠంగా ఆరు నెలలే. ఫీజుకన్నా ముందు ఈ తేడా చూసుకోవాలి.

యూరప్‌లో డీజీసీఏ సీపీఎల్‌ను మార్చుకోవాలంటే 13 సబ్జెక్టుల థియరీ పరీక్షలు మళ్లీ రాయాలి, అక్కడి క్లాస్ 1 మెడికల్ (వృత్తి పైలట్లకు ఉండాల్సిన వైద్య పరీక్ష) కొత్తగా చేయించుకోవాలి, నైపుణ్య పరీక్ష ఇవ్వాలి. అవన్నీ అయ్యాక కూడా అక్కడి కంపెనీ అడిగే మొదటి ప్రశ్న "యూరప్‌లో ఉండి పని చేసే హక్కు మీకుందా?" అన్నదే. 2021 జనవరి నుంచి బ్రిటన్ లైసెన్సు కూడా వేరైపోయింది, ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. జీవిత భాగస్వామి ద్వారానో మరో విధంగానో ఆ హక్కు ఉన్నవారు తప్ప ఈ దారిలో డబ్బు పోయవద్దని నా గట్టి సలహా.

కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చిన్న విమానాల ఉద్యోగాలు నిజంగానే ఉన్నాయి. కెనడా ఉత్తర ప్రాంతాల్లో కొత్త పైలట్ చేత మొదట సామాన్లు మోయించి, మంచు తుడిపించి, ఆ తర్వాతే సీటు ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఆస్ట్రేలియాలో డార్విన్, బ్రూమ్, కునునుర్రా వైపు వానలు లేని కాలపు పర్యాటకం, మారుమూల ఊళ్లకు చార్టర్లు ఉంటాయి. శాశ్వత నివాసమో ఓపెన్ వర్క్ పర్మిటో (ఏ కంపెనీలోనైనా పని చేయనిచ్చే అనుమతి) ఉన్నవారికి ఇవి బంగారం లాంటి అవకాశాలు. లేనివారికి దాదాపు లేనట్టే.

మాల్దీవులు మనకు దగ్గర, ట్విన్ ఆటర్ సీప్లేన్లు నీటి మీద దిగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ కో-పైలట్ సీట్ల దగ్గర స్థానికులదే మొదటి వంతు.

ఇన్ని కొట్టివేతల తర్వాత మిగిలేవి కొన్నే: ఆఫ్రికా దక్షిణ, తూర్పు భాగాల్లోని సఫారీ దేశాలు, అప్పుడప్పుడు ఇండోనేషియా.

మిగిలిన దేశాల్లో పని ఎలా ఉంటుంది

బోట్స్వానాలో మౌన్ అనే ఊరు తక్కువ గంటల పైలట్లందరికీ తెలిసిన పేరు. దాని పక్కనే ఒకవాంగో డెల్టా. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో స్థలంగా చేరింది అదే. ఎడారిలోకి వచ్చి ఇంకిపోయే నది, దాని పాయల మధ్య సఫారీ క్యాంపులు. చాలా క్యాంపులకు రోడ్డు ఉండదు. పర్యాటకులు, కూరగాయలు, క్యాంపు సిబ్బంది అందరూ సెస్నా 206, ఎయిర్‌వ్యాన్, క్యారవాన్ లాంటి చిన్న విమానాల్లో మట్టి రన్‌వేల మీద దిగాల్సిందే. దిగేముందు రన్‌వే మీద ఏనుగులో జింకలో ఉన్నాయేమో ఒక చుట్టు తక్కువ ఎత్తులో తిరిగి చూసుకోవాలి. సంచులు ఎక్కించేది, తాళ్లు బిగించేది, అద్దం తుడిచేది పైలటే. రోజుకు అరడజను ల్యాండింగులు మామూలు. ఆటోపైలట్ మీద నమ్మకం పెట్టుకుని ఎయిర్‌బస్ కలలు కనేవారికి మొదటి వారం కష్టంగా ఉంటుంది. విమానం నడపడం అంటే ఇష్టపడేవారికి మాత్రం ఇంతకన్నా మంచి బడి దొరకదు.

నమీబియాలో విండ్‌హుక్ నగరంలోని ఎరోస్ విమానాశ్రయం, టాంజానియాలో అరుషా, జాంజిబార్ ఇలాంటి కేంద్రాలే. కెన్యాలో నైరోబీ విల్సన్ విమానాశ్రయం నిండా చిన్న విమానాలే, కానీ అక్కడ స్థానిక పైలట్లు చాలామంది ఉన్నారు. అన్ని దేశాలకూ ఒకే షరతు: ఆ ఉద్యోగానికి స్థానికుడు దొరకలేదని కంపెనీ చూపించగలిగితేనే మీకు వర్క్ పర్మిట్. ఇది అన్యాయమేమీ కాదు, మన దేశమూ మన పిల్లలనే ముందు చూస్తుంది. కాకపోతే అందువల్ల ఈ దారి ఏటేటా ఇరుకవుతోంది. వెళ్లే ముందు ఆ ఏడాది ఆ దేశం విదేశీ పైలట్లకు పర్మిట్లు ఇస్తోందో లేదో అక్కడ ఇప్పుడు పని చేస్తున్నవారిని అడిగి తెలుసుకోండి, మూడేళ్ల కిందట వెళ్లినవారి మాట సరిపోదు.

ఇండోనేషియాలో సుసీ ఎయిర్ క్యారవాన్ విమానాల మీద విదేశీ కో-పైలట్లను తీసుకున్న సంస్థ. 2004లో మొదలైంది, పాపువా కొండల్లోని చిన్న రన్‌వేలకు ఎక్కువగా తిరుగుతుంది. వాలుగా ఉండే ఆ రన్‌వేలు, మధ్యాహ్నానికి లోయలను కప్పేసే మబ్బులు సామాన్యమైనవి కావు. దానికి తోడు, 2023 ఫిబ్రవరిలో ఆ సంస్థ పైలట్‌ను ఒకరిని వేర్పాటువాదులు పాపువాలో బందీగా పట్టుకెళ్లి, 2024 సెప్టెంబరులో గానీ వదల్లేదు. ఇంట్లో భయపడతారని ఈ సంగతి దాచిపెట్టవద్దు. తెలిసి ఒప్పుకుంటేనే వెళ్లండి.

రెండో మెట్టు: హైదరాబాదులోనే తెమిలే కాగితాలు

ఇది విసుగు పుట్టించే మెట్టు. ఎక్కువ మంది జారిపడేదీ ఇక్కడే. ఆఫర్ వచ్చాక పరిగెత్తడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఎందుకంటే కంపెనీ మీకోసం రెండు నెలలు ఆగదు.

మొదట పేరు. తెలుగువారికి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా రాసి చివరికి పోతుంది, లైసెన్సులో మరో వరసలో ఉంటుంది. మనకు మూడూ ఒకరేనని చూడగానే తెలుస్తుంది. బోట్స్వానా రాజధాని గాబొరోన్‌లో ఫైలు చూసే గుమస్తాకు ముగ్గురు మనుషులు కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకుని లైసెన్సు, మెడికల్, లాగ్‌బుక్కు మొదటి పేజీ దానికి సరిపోయేలా ఇప్పుడే సరిచేయించుకోండి. సరికాని పాత మెమోల కోసం నోటరీ చేయించిన అఫిడవిట్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

రెండోది సర్టిఫికెట్ల ధ్రువీకరణ. ఇంటర్, డిగ్రీ పత్రాలకు మొదట రాష్ట్ర స్థాయిలో, ఆ తర్వాత విదేశాంగ శాఖ దగ్గర ముద్ర వేయించుకోవాలి. మన దేశం 2005లోనే అపోస్టిల్ ఒప్పందంలో (ఒక దేశం ముద్ర వేసిన పత్రాలను మిగతా సభ్య దేశాలు నేరుగా ఒప్పుకునే ఒప్పందం) చేరింది కాబట్టి బోట్స్వానా, నమీబియా లాంటి సభ్య దేశాలకు ఆ ఒక్క అపోస్టిల్ ముద్ర చాలు. యూఏఈ అందులో లేదు, అక్కడికైతే రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. ముద్రల పని చేసిపెడతామని బోర్డు పెట్టుకున్న ప్రతివారికీ అసలు పత్రాలు ఇచ్చేయకుండా, విదేశాంగ శాఖ అధీకృతం చేసిన సేవా సంస్థల జాబితా చూసుకుని వెళ్లండి.

పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారానే వస్తుంది. దానికి ఆయుష్షు తక్కువ, అంచేత మరీ ముందుగా తీయవద్దు. పసుపు జ్వరం టీకా మాత్రం ఎంత ముందు వేయించుకున్నా నష్టం లేదు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేసిన పదో రోజు నుంచి చెల్లుతుంది, 2016 జూలై నుంచి అది జీవితకాలం పనికొస్తుంది. ఆ పసుపు కార్డు లేకుండా కెన్యా, ఉగాండా లాంటి దేశాల నుంచి తిరిగివస్తే శంషాబాదులో మిమ్మల్ని విడిగా ఉంచే అధికారం మన ఆరోగ్య అధికారులకుంది.

ఇక డీజీసీఏ వైపు పని. ఏ విదేశీ సంస్థ అయినా మీ లైసెన్సు అసలైనదేనా అని డీజీసీఏను అడుగుతుంది. ఆ ధ్రువీకరణ డీజీసీఏ వారి ఈజీసీఏ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా నడుస్తుంది, కదలడానికి సమయం పడుతుంది. ప్రొఫైల్‌లో ఫోటో, సంతకం, చిరునామా, రేటింగుల వివరాలు తప్పుల్లేకుండా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. నలభై ఏళ్లలోపువారికి క్లాస్ 1 మెడికల్ 12 నెలలకోసారి. గడువు ముగియబోతున్న మెడికల్‌తో విమానం ఎక్కవద్దు. ఇంగ్లీషు ప్రావీణ్యంలో 4వ స్థాయి ఉంటే చాలనుకోకండి. దానికి గడువుంటుంది, 6వ స్థాయికి ఉండదు. సాధన చేస్తే మన పిల్లలకు అందనిదేమీ కాదు.

చివరిగా లాగ్‌బుక్కు. పైలట్ల మధ్య పీ-51 గంటలని ఒక ఎగతాళి మాట ఉంది. పీ-51 పేరుకు యుద్ధ విమానమే కానీ ఇక్కడ దాని అర్థం పార్కర్ 51 కలం, అంటే పెన్నుతో ఎగిరిన గంటలు. 2011లో మన దేశంలో దొంగ మార్కుల పత్రాలతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లు బయటపడి అరెస్టులు జరిగాక భారతీయ లాగ్‌బుక్కును అనుమానంగా చూసేవారు పెరిగారు. మీ ప్రతి గంటకూ శిక్షణ సంస్థ రికార్డులో, విమానం టెక్నికల్ లాగ్‌లో జోడీ ఉండాలి. ప్రతి పేజీ మొత్తం సరిచూసి, చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకం, ముద్ర వేయించి స్కాన్ చేసుకోండి. లాగ్‌బుక్కు పోతే ఆ స్కానే మీ ఆస్తి.

మూడో మెట్టు: వెళ్లేలోగా చేయి మొద్దుబారకుండా చూసుకోవడం

సీపీఎల్ వచ్చి ఏడాది దాటినా ఒక్క గంటా ఎగరని అభ్యర్థిని ఏ చీఫ్ పైలటూ ఇష్టపడడు. మీ దగ్గర కొంత డబ్బు మిగిలి ఉంటే దాన్ని ఎయిర్‌బస్ టైప్ రేటింగు మీద పెట్టాలా, చిన్న విమానం గంటల మీద పెట్టాలా అన్నది తరచుగా వచ్చే ప్రశ్న. చేతిలో ఆఫర్ లేకుండా టైప్ రేటింగు చేయవద్దంటాను. పది లక్షలు దాటే ఖర్చు, వాడకపోతే దాని చెల్లుబాటు నిలబెట్టుకోవడానికి మళ్లీ సిమ్యులేటర్ సెషన్లకు డబ్బు. సఫారీ కంపెనీకి ఆ రేటింగుతో పని లేదు. పైగా, అవకాశం రాగానే మీరు వెళ్లిపోతారని వాళ్లకు అర్థమవుతుంది. నెలకు రెండు మూడు గంటలైనా సెస్నా మీద ఎగరండి, అందులో సగం చిన్న రన్‌వే ల్యాండింగులు, ఇంజిన్ ఆగినట్టు చేసే అభ్యాసాలు ఉండేలా చూసుకోండి.

హైదరాబాదులో శిక్షణ పొందినవారికి తెలియకుండానే ఒక మేలు జరిగింది. బేగంపేట రన్‌వే సముద్ర మట్టానికి 1,742 అడుగుల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలనుకోండి. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీలు. తేడా 30.5. డిగ్రీకి 120 అడుగుల చొప్పున దాదాపు 3,660 అడుగులు కలిపితే, గాలి పీడనం మామూలుగా ఉన్న రోజున మీ ఇంజినుకు, రెక్కకు అనిపించే ఎత్తు 5,400 అడుగులు. మౌన్ ఎత్తు 3,093 అడుగులు, అక్టోబరు మధ్యాహ్నం 38 డిగ్రీలు. అదే లెక్క వేస్తే 6,600 అడుగుల దగ్గర తేలుతుంది. మన ఎండలో విమానం ఎంత బద్ధకంగా లేస్తుందో చూసినవారికి అక్కడి పరుగు ఎందుకంత పొడవో విడమరిచి చెప్పక్కర్లేదు. చల్లని సముద్ర తీరంలో నేర్చుకున్నవారికి అది కొత్త. ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పుకోండి, గొప్పగా కాదు, లెక్కతో సహా.

నాలుగో మెట్టు: లైసెన్సు మార్పిడి

సూత్రం ఒక్కటే. 1944 షికాగో ఒప్పందం 32వ అధికరణం ప్రకారం, అంతర్జాతీయంగా తిరిగే విమానం ఏ దేశంలో నమోదైందో ఆ దేశం ఇచ్చిన లేదా చెల్లుతుందని ఒప్పుకున్న లైసెన్సే పైలట్ దగ్గర ఉండాలి. కాబట్టి విమానం ఒంటి మీది అక్షరాలు చూడండి. మనవి వీటీ, బోట్స్వానావి ఏ2, నమీబియావి వీ5, టాంజానియావి 5హెచ్, ఇండోనేషియావి పీకే. మీ డీజీసీఏ లైసెన్సు వీటీ విమానానికి పనికొస్తుంది. మిగిలినవాటికి ఆయా దేశాల ఆమోదం కావాలి.

ఆ ఆమోదం రెండు రకాలు. వ్యాలిడేషన్ అంటే మీ భారత లైసెన్సు మీదే ఆధారపడి కొంతకాలానికి ఇచ్చే అనుమతి, ఇక్కడి లైసెన్సు గడువు తీరితే అదీ పోతుంది. కన్వర్షన్ అంటే ఆ దేశపు సొంత లైసెన్సు చేతికి రావడం. సాధారణంగా విమాన చట్టం పరీక్ష, అక్కడి డాక్టరు దగ్గర మెడికల్, ఎగ్జామినర్‌తో ఒక ఫ్లైట్ టెస్టు ఉంటాయి. పరీక్షా సిలబస్, ఫీజు ఆ దేశపు పౌర విమానయాన సంస్థ వెబ్‌సైటులోనే చూడండి. ఆఫర్‌కు ముందు మార్చుకోవాలా, తర్వాతా? కంపెనీని బట్టి ఉంటుంది. కొందరు టెస్టుకు తమ విమానమే ఇస్తారు, కొందరు లైసెన్సు ఉన్నవారినే చూస్తారు. చీఫ్ పైలట్‌ను నేరుగా అడిగేయండి. విమాన చట్టం పుస్తకం మాత్రం ఎలాగూ చదవాలి, అది హైదరాబాదులోనే మొదలుపెట్టవచ్చు.

ఐదో మెట్టు: ఒక పేజీ బయోడేటా, ఐదు వాక్యాల ఉత్తరం

తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, స్కూల్లో గెలిచిన వక్తృత్వ పోటీ బహుమతి... వీటిలో ఏదీ అక్కర్లేదు. పైన పేరు, పాస్‌పోర్టు దేశం, ఫోను నంబరు, ఎప్పటి నుంచి అందుబాటులో ఉంటారో ఉండాలి. దాని కింద గంటల పట్టిక: మొత్తం, కెప్టెన్‌గా, మల్టీ ఇంజిన్, రాత్రి, ఇన్‌స్ట్రుమెంట్, గత 90 రోజుల్లో ఎగిరినవి. లైసెన్సులు గడువు తేదీలతో. శిక్షణ సంస్థలో మీతో ఎగిరిన ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్ల పేర్లు, వారి అనుమతితో. ఇవి చాలు.

ఉత్తరం కంపెనీ పేరు మార్చి వందమందికి పంపే నమూనాగా ఉంటే చదివేవారు మొదటి వాక్యంలోనే పసిగడతారు. ఇంగ్లీషులో రాసేదే అయినా, దాని సారం ఇలా ఉండాలి: "మీరు 206లతో డెల్టా క్యాంపులకు నడుపుతున్నారని తెలుసు. నాకు మొత్తం 230 గంటలు, అందులో 140 సెస్నా 172 మీద, ఎక్కువ భాగం హైదరాబాదు ఎండలో. వచ్చే మార్చి రెండో వారం నుంచి మౌన్‌లో ఉంటాను. లోడింగు, ఆఫీసు, హ్యాంగర్ పని ఏదైనా చేయడానికి సిద్ధం, పర్మిట్ అనుమతించినంత మేరకు. మీకు వీలైన పూట పది నిమిషాలు కలవాలని కోరిక." అందులో గొప్పలు లేవు, బతిమాలడమూ లేదు. అది చీఫ్ పైలట్‌కు వెళ్లాలి, మానవ వనరుల విభాగానికి కాదు.

ఆరో మెట్టు: సీజన్ చూసి స్వయంగా వెళ్లడం

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సఫారీ కంపెనీల్లో చాలా నియామకాలు గుమ్మంలో నిలబడి అడిగినవారికే దక్కుతాయి. ఈమెయిలు పంపినవారు వేలమంది, ఊళ్లోకి వచ్చి కూర్చున్నవారు కొందరే. బోట్స్వానాలో ఎండు కాలం మే నుంచి అక్టోబరు దాకా, పర్యాటకుల రద్దీ అప్పుడే. ఆ రద్దీ కోసం కొత్తవారికి శిక్షణ ముందే అయిపోవాలి కాబట్టి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య అక్కడ ఉండటం మేలు. ఆగస్టులో వెళ్తే మాట్లాడే తీరికే ఎవరికీ ఉండదు.

వీసా ముందే తీసుకోండి, దాని షరతులు చదవండి. పర్యాటక వీసా మీద మనుషులను కలవడం ఒకటి, పని చేయడం మరొకటి. జీతం లేకుండా సాయపడతానన్నా కొన్ని చోట్ల అది పని కిందికే వస్తుంది. పట్టుబడితే పర్మిట్ ఆశ కూడా పోతుంది. కనీసం రెండు నెలల తిండికి, బసకు, తిరుగు టికెట్టుకు డబ్బు విడిగా ఉంచుకోండి. శాకాహారులైతే ప్రెషర్ కుక్కర్, కందిపప్పు, పచ్చడి సీసా తీసుకెళ్లడం దండగ కాదు, కానీ ఆ దేశం ఆహార పదార్థాలను రానిస్తుందో లేదో కనుక్కున్నాకే సర్దండి.

ఏడో మెట్టు: ఇంటర్వ్యూ, ఫ్లైట్ టెస్టు

జెట్ సిద్ధాంతాలు అడగరు. ఒక సెస్నా 206 లోడ్ షీటు (విమానం బరువుల లెక్క రాసే కాగితం) ముందు పెట్టి, ఐదుగురు పర్యాటకులున్నారు, ఒక్కొక్కరికి 20 కిలోల మెత్తని సంచి, మధ్యాహ్నం ఒంటి గంట, ఇంధనం ఎంత వేస్తావని అడుగుతారు. లెక్క వేద్దాం. గరిష్ఠ టేకాఫ్ బరువు 1,633 కిలోలు. ఖాళీ విమానం 1,050 అనుకుందాం. పైలట్ 75. ప్రయాణికులు సగటున 80 చొప్పున 400. సంచులు 100. మొత్తం 1,625. ఇంధనానికి మిగిలింది ఎనిమిది కిలోలు, అంటే సుమారు 11 లీటర్లు. రన్‌వే దాకా వెళ్లి తిరిగి రావడానికి సరిపోతుందేమో! జవాబు ఇంధనం అంకె కాదు. "ఒకరిని, వారి సంచిని రెండో విమానంలో పంపాలి" అన్నది జవాబు. అప్పుడు 108 కిలోలు, దాదాపు 150 లీటర్లు, రెండు గంటలకు మించిన ఇంధనం దొరుకుతుంది. ఆ తర్వాత ఇందాక చెప్పిన ఎండ లెక్క వేసి, ఈ బరువుతో ఆ మట్టి రన్‌వే సరిపోతుందో లేదో పట్టికలో చూడాలి.

ఇక్కడే మనవాళ్ల పెంపకం అడ్డొస్తుంది. పెద్దలు చెబితే కాదనకూడదని చిన్నప్పటి నుంచి విన్నవారు, చీఫ్ పైలట్ "అందరినీ ఎక్కించు, ఏం కాదు" అనగానే తలూపుతారు. అది పరీక్ష. మర్యాదగా, లెక్క చూపించి, కుదరదని చెప్పగలిగినవారినే ఒంటరిగా అడవిలోకి పంపుతారు.

ఫ్లైట్ టెస్టులో మట్టి రన్‌వే మీద ముందు చక్రాన్ని తేలికగా పట్టుకోవడం, పక్కగాలి, నిర్ణీత చోట దిగడం చూస్తారు. ల్యాండింగు చెడితే మళ్లీ పైకి లేవడానికి సిగ్గుపడవద్దు, అది మార్కులు తెచ్చేదే.

ఎనిమిదో మెట్టు: డబ్బు, ఒప్పందం, దళారులు

మీ మేనమామకు తెలిసిన ఏజెంటు ఒకరు తప్పక ఎదురవుతారు. "ఎయిర్‌లైన్స్‌లో సీటు ఖాయం, సగం ఇప్పుడు, సగం వీసా వచ్చాక" అంటారు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవారెవరైనా 1983 వలస చట్టం కింద నమోదై ఉండాలి, ఆ జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అందరికీ కనిపిస్తుంది. వాళ్లు వసూలు చేయగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగినవారు ఆ ఒక్క మాటతోనే తమ సంగతి చెప్పేసుకున్నట్టు. కంపెనీకి ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ (వాణిజ్యపరంగా విమానాలు నడిపే అనుమతి) ఉందో లేదో ఆ దేశపు విమానయాన సంస్థ దగ్గర చూడండి. ఉచిత ఈమెయిలు చిరునామా నుంచి వచ్చిన ఆఫర్ లెటర్‌ను అచ్చు వేయడానికి కాగితం కూడా వృథా చేయవద్దు.

డబ్బు కట్టి కుడి సీట్లో కూర్చుని గంటలు కొనుక్కునే పథకాలు కూడా ఉన్నాయి. చట్టం అడ్డుకోని చోట్ల అవి నడుస్తూనే ఉంటాయి. కొన్న గంటలు అయిపోగానే మీ స్థానంలో మరొకరు డబ్బు కట్టి వస్తారు, అంతే తప్ప మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకోవడం వల్ల ఆ కంపెనీకి లాభం లేదు. ఊళ్లో పొలం తాకట్టులో ఉండగా ఆ పని చేయవద్దు.

ఒప్పందంలో చూడాల్సినవి కొన్నే కానీ ప్రాణాధారమైనవి. శిక్షణ బాండు (ముందే మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కడతానన్న ఒప్పందం) ఎంత, ఎన్ని నెలలకు, మధ్యలో కంపెనీయే తీసేస్తే ఎవరు కట్టాలి? బస ఇస్తారా? పర్మిట్ ఖర్చు ఎవరిది? వైద్య బీమా, మెడికల్ పోతే పరిహారం ఉన్నాయా? ఎగిరిన గంటలకే జీతమా, నెలకు స్థిరమైనదా? మీ పాస్‌పోర్టు తమ దగ్గర ఉంచుకుంటామంటే అక్కడితో ఆగిపోండి. తొలి ఏళ్ల జీతంతో బ్యాంకు ఈఎంఐ తీరుతుందని లెక్క వేసుకోవద్దు. చాలా చోట్ల అది మీ తిండికి, ఫోనుకు సరిపోతుంది. అప్పు కట్టే ఏర్పాటు ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

చేరాక: తిరిగి వచ్చే దారి తెరిచి ఉంచుకోవడం

2023లో నిబంధన మారి మన సీపీఎల్ చెల్లుబాటు 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెరిగింది. అది చూసి నిశ్చింతగా ఉండవద్దు. డీజీసీఏ మెడికల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు గడువులు వేరు, అవి మాత్రం ఏటా తరుముతూనే ఉంటాయి. సెలవులకు హైదరాబాదు వచ్చే తేదీలను వాటికి తగ్గట్టు పెట్టుకోండి. పెళ్లిళ్ల ముహూర్తాలు ఎలాగూ మే, జూన్‌లలో ఉంటాయి, సఫారీ సీజన్ కూడా అప్పుడే, కాబట్టి ఎవరో ఒకరికి కోపం రాక తప్పదు.

1,500 గంటలు నిండితే మన ఏటీపీఎల్‌కు (ఎయిర్‌లైన్స్ కెప్టెన్‌కు కావాల్సిన పై స్థాయి లైసెన్సు) గంటల అర్హత దగ్గరపడుతుంది, కానీ మొత్తం అంకె ఒక్కటే చాలదు. రాత్రి గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు విడిగా లెక్కిస్తారు. సఫారీలో దాదాపు అంతా పగటి వెలుతురులో ఎగరడమే కాబట్టి ఆ రెండూ వెనకబడిపోతాయి, చార్టర్ పని ఉన్న కంపెనీలో అవకాశం వచ్చినప్పుడు వదలవద్దు. ప్రతి నెలా లాగ్‌బుక్కు పేజీ మొత్తం వేసి, చీఫ్ పైలట్ చేత సంతకం, కంపెనీ ముద్ర వేయించండి. చిన్న కంపెనీలు మూతపడుతుంటాయి, చీఫ్ పైలట్లు మారిపోతుంటారు. నాలుగేళ్ల తర్వాత డీజీసీఏ ఆ గంటలకు ధ్రువీకరణ అడిగినప్పుడు ఈమెయిలుకు జవాబిచ్చేవారు ఉండకపోవచ్చు. ఉద్యోగం మానేసే రోజున జీతం లెక్కతో పాటు, ఏ విమానం మీద ఎన్ని గంటలు, కెప్టెన్‌గా ఎన్ని, రాత్రి ఎన్ని అన్నది కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకుని, ఆ దేశపు విమానయాన సంస్థ చేత కూడా ధ్రువీకరింపజేసుకునే బయల్దేరండి.